మూడో ప్రతి

పోయిన వారం డోర్కస్ పీల్‌ని ఒక ఖాళీ పేజీ ముందు కూర్చోబెట్టి, మన దారిన మనం పోయాం. పాపం, ఆమె ఇంకా అక్కడే కూర్చుని ఉంది. కాఫీ చల్లారిపోయింది. గంట ఎనిమిదైంది. పది కొట్టేసరికి అమోస్ రెడ్‌ఫర్న్ గారు ఉత్తరాల పుస్తకం చంకన పెట్టుకుని శాసనసభ వారి విచారణ సంఘం ముందు నిలబడాలి.

యుద్ధం నడిచినన్నాళ్ళూ ఆ పెద్దమనిషి పరపతి మీదే సైన్యానికి పిండి వచ్చింది, మందుగుండు వచ్చింది, దుప్పట్లు వచ్చాయి. ఖజానా కాగితాన్ని ఎవడూ నమ్మని రోజుల్లో రెడ్‌ఫర్న్ సంతకం చూపిస్తే గోదాముల తలుపులు తెరుచుకునేవి. ఇప్పుడు గండం గట్టెక్కింది. ఫిలడెల్ఫియా వీధుల్లో జనం సంధి వార్త చెప్పుకుని గంటలు కొట్టుకుంటున్నారు. సరిగ్గా ఇప్పుడే ఆయన మీద దొంగ అన్న మాట పడింది. 1780 డిసెంబరులో రాష్ట్రం సొమ్ముతో పొగాకు కొని, ఫ్రెంచి దీవులకు పంపి అమ్ముకుని, వచ్చింది వచ్చినట్టు నొక్కేశాడట. నొక్కలేదని చెప్పగలిగిన ఉత్తరం ప్రపంచంలో ఒక్కటే ఉంది. దాని నకలు ఉండాల్సిన చోట ఉన్నది ఈ తెల్ల పేజీ.

రెడ్‌ఫర్న్ గారి కొట్లో పద్ధతి పద్ధతే. సముద్రం మీదికి పోయిన ఉత్తరం చేరుతుందన్న నమ్మకం లేదు కాబట్టి, ఏ ఉత్తరమైనా మూడు ప్రతులు రాసి మూడు ఓడల్లో పంపేవారు. ప్రతి ఓడలోనూ ఉత్తరాల సంచీకి సీసపు ముద్ద కట్టేవారు. ఇంగ్లీషువాడి ఓడ వెంటపడితే కెప్టెను చెయ్యాల్సిన మొదటి పని సంచీని నీళ్ళలోకి విసరడం. ఇక కొట్లో చెయ్యాల్సిన పని, ఉత్తరానికి లక్కముద్ర పడేలోపు పుస్తకంలో నకలు దించడం. నాలుగేళ్ళలో పదమూడొందల పైచిలుకు ఉత్తరాలు దించింది డోర్కస్. ఒక్కటంటే ఒక్కటి తప్పిపోయింది. ఆ ఒక్కటీ ఇదే అయి కూర్చుంది.

"రాసెయ్యండి పీల్ గారూ," అన్నాడు గిడియన్ స్టోక్స్. రెడ్‌ఫర్న్ గారి అల్లుడు. లాయరు. పొద్దున్నే వచ్చి కిటికీకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏం రాయమంటారు?"

"అది కూడా నేనే చెప్పాలా? ఆ ఉత్తరం మీ చేత్తో మూడుసార్లు రాశారు. ప్రతి మాటా గుర్తుందని మొన్న మీరే అన్నారు."

"గుర్తుంది. నలభై రెండు పంక్తులు."

"మరింకేం? అబద్ధం రాయమంటున్నానా? జరిగిందే రాయండి. రెండున్నరేళ్ళు ఆలస్యంగా రాస్తున్నారు, అంతే కదా."

"సిరా ఊరుకోదండీ," అంది డోర్కస్. "ఇవాళ రాసిన సిరా ఇవాళ పాలిపోయి ఉంటుంది. నల్లబడ్డానికి వారం పడుతుంది. పక్క పేజీ బొగ్గులా ఉండి ఇదొక్కటీ గంజిలా ఉంటే, చదవకుండానే పట్టేస్తారు."

గిడియన్ కోటు జేబులోంచి చిన్న బుడ్డి తీసి బల్ల మీద పెట్టాడు. "దీపం మసి కలిపించాను. గంటలో మూడేళ్ళ వయసొస్తుంది."

"తమరు లాయరా, దొంగనోట్లు అచ్చేసేవారా?"

"ఎల్లుండి మామయ్యగారిని జైల్లో కూర్చోబెట్టాక ఈ పరాచికం ఆయనకి వినిపించండి. నవ్వుకుంటారు." గొంతు తగ్గించాడు. "నాకు మాత్రం సరదానా? ఆయన కూతుర్ని చేసుకున్నవాణ్ణి. ఆవిడ మూడ్రోజులుగా అన్నం ముట్టలేదు. మీరు తప్ప దారి లేదు."

డోర్కస్ బుడ్డిని దగ్గరికి లాక్కుంది. ఈ కొట్లో తను ఎలా కూర్చుందో ఆమెకు తెలుసు. గుమాస్తాలంతా తుపాకులు పట్టుకుని పోయినప్పుడు, కెప్టెన్ పెళ్ళాం చేతిరాత బాగుంటుందని ఎవరో అంటే రెడ్‌ఫర్న్ గారు పిలిచారు. భర్త నేథన్ ఓడ మునిగిందన్న వార్త వచ్చాక, కూలికి బట్టలు ఉతుక్కోవాల్సిన మనిషిని కొట్టు పైన గదిలో ఉంచారు. పొగగొట్టం ఉన్న గది, చలికాలం వెచ్చగా ఉంటుంది. యుద్ధం అయి గుమాస్తాలు తిరిగొచ్చి, "ఆడగుమాస్తా ఇంకా ఎందుకండీ?" అని మూతులు తిప్పితే, "ఆవిడంత గుండ్రంగా రాసేవాడు మీలో ఎవడున్నాడో చెప్పండి, వాణ్ణే పెట్టుకుంటా" అని అందరి ముందూ అన్నారు. ఆయన దయ తలుచుకోకుండా ఆమె ఏ రాత్రీ పడుకోలేదు. తిన్న ప్రతి ముద్దా ఆయన పెట్టిందే. అలాంటి మనిషి తన మరుపు మూలంగా దొంగ అనిపించుకుంటుంటే, ఈ చేతికి ఒక్క పేజీ రాయడం బరువా?

బుడ్డి మూత తీసింది. ఈక కలం ముంచింది. చెయ్యి కాగితం మీదికి వెళ్ళింది, కానీ దిగలేదు. ఈ పుస్తకాన్ని ఊళ్ళో ఇంతకాలం ఎందుకు నమ్మారో ఆమెకే బాగా తెలుసు మరి.

మెట్ల మీద చేతికర్ర చప్పుడైంది. గిడియన్ గబుక్కున బుడ్డి అందుకోబోయాడు. అందేలోపే రెడ్‌ఫర్న్ గారు గుమ్మంలోకి వచ్చేశారు. కీళ్ళవాతం కాళ్ళు, పైగా నిటారు మెట్లు, ఆయాసపడుతున్నారు.

"ఏం రాస్తున్నావమ్మాయ్?"

"ఇంకా రాయలేదండీ."

ఆయన బుడ్డి వైపు చూశారు, అల్లుడి వైపు చూశారు. సంగతి అర్థమైపోయింది.

"గిడియన్, బుద్ధి గడ్డి తిన్నదటయ్యా?"

"మామయ్యగారూ, మీరు కిందే ఉండాల్సింది. మీకు తెలియకుండా జరిగితే అక్కడ మీరు ప్రమాణం చేసినా..."

"నాకు తెలియకుండా నా పుస్తకంలో నువ్వు రాయించడమా!"

డోర్కస్ లేచి నిలబడింది. మూడు రోజులుగా దాచుకున్న మాట ఒక్కసారి బయటికొచ్చింది. "తప్పు నాదండీ. నకలు దించకుండా వదిలేసింది నేను. మర్చిపోయాను. ఎలా మర్చిపోయానో కూడా తెలీదు. మీరు నన్ను ఒక్క మాట అనరు, అదింకా కష్టంగా ఉంది. నేనే వచ్చి వాళ్ళ ముందు చెబుతాను. నా పని పోయినా సరే, గది ఖాళీ చెయ్యమన్నా సరే."

"కూర్చో," అన్నారు రెడ్‌ఫర్న్ గారు. తనూ పీపా మీద కూర్చున్నారు. "తప్పు నీదని ఎవరు చెప్పారు నీకు?"

"పేజీ కనిపిస్తోంది కదండీ."

"ఆ రోజు నీకు గుర్తులేదూ?"

డోర్కస్ తల అడ్డంగా ఊపింది. ఆ రోజు నేథన్ వార్త విన్నంత వరకే ఆమెకు గుర్తు. ఆ తర్వాత నెల రోజులు ఎలా గడిచాయో ఇప్పటికీ తెలీదు.

"డెలవేర్ నది గడ్డకట్టేస్తోంది. ఓడ కదలకపోతే వసంతం దాకా కదలదు. కెప్టెను కింద నిలబడి బూతులు తిడుతున్నాడు. నువ్వు మూడో ప్రతి ముగించి, పుస్తకం తెరిచి, నకలు దించడానికి పేజీ తిప్పావు. అప్పుడే రేవు నుంచి మనిషొచ్చి నేథన్ సంగతి చెప్పాడు. నువ్వు ఏడవలేదమ్మాయ్. అదే నాకు భయమేసింది. మళ్ళీ కలం ముంచావు. నకలు దించాలి కదండీ అన్నావు. నేనే కలం లాక్కున్నాను. ఈ పుస్తకం నేనే మూశాను. పేజీ ఎక్కడికీ పోదు, నువ్వు ఇంటికి పో అన్నాను. ముద్రలు వేసింది కూడా నేనే." ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నారు. "ఆ తర్వాత వచ్చిన కుర్రగుమాస్తా పక్క పేజీ నుంచి మొదలెట్టాడు. నువ్వు తిరిగొచ్చాక అడుగుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. అడిగితే ఆ రోజు మళ్ళీ గుర్తుచేసినట్టవుతుందని ఊరుకున్నాను. ఇవాళ నా మీదికొచ్చింది, రానీ. నిన్ను ఆ రోజు ఇక్కడ కూర్చోబెట్టి నకలు రాయించి ఉంటే మనిషినా నేను?"

డోర్కస్‌కి కళ్ళు నిండిపోయాయి. మూడు రోజులుగా తన్ను తాను తిట్టుకున్న తప్పు, ఆయన తన మీద చూపించిన జాలి అని ఇప్పుడు తెలిసింది. "మీ రుణం నేనెలా తీర్చుకుంటానండీ," అంది.

"మసి బుడ్డి కిటికీలోంచి పారేసి తీర్చుకో. టైమవుతోంది."

బుడ్డి గిడియనే పారేశాడు.

చెస్ట్‌నట్ వీధిలో సభాభవనం దగ్గర ద్వారపాలకుడు దారికి అడ్డంగా కూర్చుని ఉన్నాడు. కుడికాలు మోకాలి కింద లేదు. రెడ్‌ఫర్న్ గారి పేరు వినగానే ఉన్న కాలి మీద లేచాడు. "అయ్యగారూ, యుద్ధంలో ఒక చలికాలం మా పటాలానికి బూట్లు వచ్చాయండి. పేరూ ఊరూ లేకుండా మూడు బండ్లు. నాకో జత దొరికింది. ఒక కాలు గుండు తినేసింది గానీ, రెండోది ఉందంటే ఆ బూటు వల్లేనండి. పంపింది తమరేనని మావాళ్ళు అనుకునేవారు." రెడ్‌ఫర్న్ గారు తల ఎటో తిప్పుకున్నారు. ఔనని అనలేదు, కాదనీ అనలేదు. డోర్కస్‌కి అది కాస్త వింతగా తోచింది.

లోపల అయిదుగురు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షుడు ఒబదయా విక్స్. సన్నటి మనిషి, జలుబు చేసి ముక్కు తుడుచుకుంటున్నాడు. పలకరింపులు లేవు. పుస్తకం తనవైపు లాక్కుని డిసెంబరు నెల తీశాడు. తెల్ల పేజీ వచ్చింది. దాని మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇది ఖాళీగా ఉందే?"

"ఖాళీగానే ఉందండీ," అంది డోర్కస్. అడక్కుండానే ముందుకొచ్చింది. ఆ రోజు జరిగింది ఉన్నదున్నట్టు చెప్పింది. కలం లాక్కున్నారని చెప్పింది, పుస్తకం మూశారని చెప్పింది. తర్వాత, "పొద్దున్న ఈ పేజీ నింపుదామని కలం కూడా ముంచాను. అదీ మీకు తెలియాలి," అంది. వెనకాల గిడియన్ నుదురు కొట్టుకున్న చప్పుడు ఆమెకు వినిపించింది.

విక్స్ మొహంలో మొదటిసారి చిన్న మార్పు వచ్చింది. "మా లేఖకుడు పోయిన వారమే మీ కొట్టుకొచ్చి ఈ పుస్తకం తిరగేసి వెళ్ళాడు. ఖాళీ పేజీ చూశాడు. మీతో అనొద్దన్నాను. ఇవాళ ఈ పేజీ నిండి ఉంటే, అందులో ఎంత గొప్ప మాట రాసి ఉన్నా సరే, ఈయన్ని ఇక్కణ్ణుంచి ఇంటికి పంపేవాణ్ణి కాదు."

డోర్కస్ గిడియన్ వైపు ఒకసారి చూసింది. పక్కనున్న కుర్చీ పట్టుకుంది.

"ఇంకోటుంది," అంటూ విక్స్ కాగితాల కిందనుంచి ఒక ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాడు. ఉప్పునీళ్ళు తాగి అంచులు పసుపెక్కిన ఉత్తరం. లక్కముద్ర చెక్కుచెదరలేదు. "నిన్న న్యూయార్కు నుంచి ఒక మూట వచ్చింది. యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని, విప్పకుండానే మూటగట్టి పడేసిన ఉత్తరాలు. ఓడలెక్కి పోయే తొందరలో వాళ్ళకి ఇక వీటితో పనిలేదు. ఈ చేతిరాత ఎవరిది?"

గుండ్రటి అక్షరాలు. పైన మూలగా 'మూడో ప్రతి' అని ఉంది. డోర్కస్ ఆ అక్షరాల మీదికి వంగింది. "నాది," అంది.

మొదటి ప్రతి దీవులకు చేరిందని అందరికీ తెలుసు. అందుకున్న ఏజెంటు జ్వరంతో పోయాడు, అతని కాగితాలు గోదాముతోపాటు కాలిపోయాయి. రెండో ప్రతి, ఇంగ్లీషువాళ్ళు వెంట తరుముతుంటే, పద్ధతి ప్రకారం సముద్రంలో పడి మునిగింది. మూడో ఓడ కెప్టెను కూడా పద్ధతి ప్రకారమే సంచీ విసిరాడు. విసిరాడు గానీ ఆ మహానుభావుడు దానికి సీసం కట్టడం మర్చిపోయాడు. సంచీ హాయిగా నీళ్ళ మీద తేలుతూ పోతే, ఇంగ్లీషు నావికులు గాలం వేసి లాగారు.

"ఆ కెప్టెను ఎవడోగానీ వాడి కడుపు చల్లగా ఉండ!" అన్నాడు గిడియన్, పట్టలేక. సంఘంలో ఇద్దరు నవ్వారు. నవ్వనిది రెడ్‌ఫర్న్ గారొక్కరే. విక్స్ ముద్ర మీద కత్తి పెట్టబోతుంటే ఆయన కర్ర ఊని లేచారు. ఏదో అనబోయి, మళ్ళీ మెల్లగా కూర్చున్నారు.

విక్స్ చదివాడు. 'అరవై పీపాల పొగాకు వస్తోంది. ఏ ధర పలికితే ఆ ధరకి అమ్మండి. వచ్చిన ప్రతి పైసాకీ సైనికుల బూట్లు కొనండి. బూట్ల మీద గానీ, పెట్టెల మీద గానీ, కాగితాల మీద గానీ పంపినవారి పేరు ఉండకూడదు.' నలభై రెండు పంక్తులు. డోర్కస్ పెదాలు అతనితోపాటే కదిలాయి, ఒక్క మాట తేడా రాలేదు. ఇక బతికాం అనుకుంది. అప్పుడు విక్స్ ఆగాడు.

"కింద వేరే చేతిరాత ఉంది."

"అది నాది," అన్నారు రెడ్‌ఫర్న్ గారు. "ఆవిణ్ణి ఇంటికి పంపాక, ముద్ర వేసే ముందు మూడు ప్రతుల్లోనూ రాశాను."

"'ఈ అరవైలో నలభై రెండు పీపాలు నావి. పద్దెనిమిది కెప్టెన్ నేథన్ పీల్‌వి. అతను వాటిని సైన్యానికి ఇచ్చాడు. అతను ఇక లేడని ఇప్పుడే తెలిసింది.'" విక్స్ కాగితం దించాడు. "రాష్ట్రం సొమ్ము ఇందులో లేదన్నది తేలిపోయింది. కానీ మరొకటి తేలలేదు. కెప్టెన్ పీల్ ఇచ్చాడనడానికి రాతకోతలు ఏమైనా ఉన్నాయా?"

"లేవు. చెయ్యీ చెయ్యీ కలుపుకున్నాం."

"అయితే రెడ్‌ఫర్న్ గారూ, మీరు రాష్ట్రాన్ని దోచిన దొంగ కాకపోవచ్చు. చచ్చిపోయినవాడి పొగాకు అతని పెళ్ళానికి చెప్పకుండా అమ్మేసిన దొంగ కావచ్చు." విక్స్ డోర్కస్ వైపు తిరిగాడు. "ఆ సరుకు హక్కుగా మీకు రావాల్సింది అమ్మా. ఆయన మాట మీరు నమ్మితే సరే. నమ్మకపోతే ఆ మాట కూడా చెప్పండి."

ఆ పొగాకు! తొమ్మిదేళ్ళు సముద్రం మీద సంపాదించిందంతా పెట్టి కొన్నాడు నేథన్. రెండు గదుల ఇల్లు కట్టుకుందామని. అది అతనితోపాటే మునిగిందనుకుంది ఆమె. గదిలో అందరూ ఆమెనే చూస్తున్నారు. ఇంతకాలం ఈయన చూపించిన దయ అంతా దీనికేనా అన్న అనుమానం ఒక్కసారి వచ్చింది. వచ్చినందుకు సిగ్గేసింది. సిగ్గేసినా పోలేదు.

"ఇస్తున్నప్పుడు మా ఆయన ఏమన్నాడు?" అని అడిగింది. "అర్థం చెప్పొద్దు. అన్న మాటలు అన్నట్టు చెప్పండి. నేథన్ మాట్లాడే తీరు నాకు తెలుసు."

రెడ్‌ఫర్న్ గారు కళ్ళు మూసుకున్నారు. "ఓడెక్కే ముందు రోజు వచ్చాడు. దార్లో కాళ్ళకి గోనెపట్టాలు కట్టుకుని కాపలా కాస్తున్న సైనికుణ్ణి చూశాట్ట. 'అమోస్ గారూ, నేనూ వట్టికాళ్ళ మీద తిరిగేవాణ్ణే, కానీ నా కింద ఓడ చెక్క ఉంటుంది, ఆ వెధవ కింద మంచుంది' అన్నాడు. ఇరవై పీపాల్లో పద్దెనిమిది తీసుకోమన్నాడు. ఇంట్లో చెప్పావా అని అడిగాను. 'అమ్మో, డోర్కస్‌తోనా! చెబితే ఆ రెండు మాత్రం ఎందుకు దాచావు, అవీ ఇచ్చెయ్ అంటుంది. తర్వాత మేం పడుకునేదెక్కడ, మీ గుర్రాల సాలలోనా?' అన్నాడు."

ఎవరో నవ్వారు. డోర్కస్‌కి మాత్రం నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. అమ్మో, డోర్కస్‌తోనా! ఆ మాట ఆ గొంతుతోనే వినిపించింది. నిజమే, తను సరిగ్గా అలాగే అనేది. అవీ ఇచ్చెయ్యమనేది. బయట కూర్చున్న మనిషి ఒంటికాలు గుర్తొచ్చింది. నేథన్ సముద్రంలో పోయాడనుకుంది గానీ, అతని తొమ్మిదేళ్ళ కష్టం ఎక్కడికీ పోలేదు. మంచులో నడిచింది, ఇవాళ్టికీ నడుస్తోంది.

"మా ఆయనే ఇచ్చాడండీ," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఇవి ఆయన మాటలే. ఇంకెవరికీ రావు. నాకు ఒక్క పైసా అక్కర్లేదు. ఈ సంగతి చెప్పినందుకు మీ అందరికీ దండం."

విక్స్ ముక్కు తుడుచుకున్నాడు, ఈసారి జలుబుకి కాదు. అయిదుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "అమోస్ రెడ్‌ఫర్న్ మీద ఫిర్యాదు కొట్టేశాం. ఈ రాష్ట్రం ఆయనకీ, కెప్టెన్ పీల్‌కీ రుణపడి ఉందని రాసుకోండి," అన్నాడు లేఖకుడితో. గిడియన్ ఆనందం పట్టలేక మామగారి భుజాలు పట్టుకుని కుదిపేశాడు.

డోర్కస్ పుస్తకం మూసి చేతిలోకి తీసుకుంది. "పదండి, ఇంటికెళ్దాం. అమ్మాయిగారు అన్నం తినలేదట."

రెడ్‌ఫర్న్ గారు కదల్లేదు. ఆయన మొహంలో గెలిచిన కళ లేదు. కర్ర మీద రెండు చేతులూ వేసి, నేల వైపు చూస్తూ అన్నారు.

"నువ్వు దండం పెట్టేలోపు ఇంకోటి వినాలి. మిగిలిన రెండు పీపాల సంగతి నువ్వు అడగలేదు. వాటి గురించి నేథన్ నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

"ఏమని?"

ఇన్నేళ్ళలో ఆమెను అమ్మాయ్ అని తప్ప మరోలా పిలవని మనిషి తల ఎత్తారు.

"ఆ ఒట్టు నేను తప్పాను, డోర్కస్."